నాదం భుజంలో ఇరుక్కుపోతే...

నా మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూలో టెక్నికల్ రౌండ్ బాగానే గడిచింది. హెచ్ఆర్ మేడమ్ రెజ్యూమె తిరగేస్తూ చివరి లైను దగ్గర ఆగారు. ‘హాబీస్‌లో కర్ణాటక వయొలిన్ అని రాశారు. ఇప్పటికీ వాయిస్తారా?’ అని అడిగారు. ‘ప్లేస్‌మెంట్స్ ప్రిపరేషన్‌లో పడి టైమ్ దొరకట్లేదండీ’ అన్నాను. ఆవిడ నవ్వి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయారు. ఉద్యోగం కూడా వచ్చింది.

కానీ నేను చెప్పింది అబద్ధం. హాస్టల్లో రాత్రి రెండింటిదాకా మొబైల్లో క్రికెట్ ఆడేంత టైమ్ ఉండేది నాకు. వయొలిన్ పెట్టె మంచం కిందికి వెళ్లిపోవడానికి అసలు కారణం నా కుడి భుజం. థర్డ్ ఇయర్‌లో కాలేజీ ఫెస్ట్ కోసం ఫ్యూజన్ బ్యాండ్ పెట్టాం. రికార్డింగ్ వింటే గిటార్‌కీ కీబోర్డుకీ మధ్య నా వయొలిన్ దోమ పాటలా సన్నగా, కీచుగా వినిపించేది. దానికి నాకు తెలిసిన మందు ఒక్కటే, ప్రాక్టీసు గంటలు పెంచడం. ఎంసెట్‌కి అలాగే కదా చదివాం! రోజుకి గంట వాయించేవాణ్ని నాలుగు గంటలు వాయించాను. సౌండ్ మారలేదు. మెడ దగ్గర మొదలైన నొప్పి మాత్రం భుజం దాటి బొటనవేలి దాకా దిగింది. చివరికి నీళ్ల సీసా మూత తిప్పాలన్నా రూమ్మేట్‌ని పిలవాల్సి వచ్చింది. ఫెస్ట్ అయ్యింది, పెట్టె మూసేశాను. మళ్లీ తెరవడానికి దాదాపు మూడేళ్లు పట్టింది.

నా ఒక్కడి గోడే అయితే దీన్ని ఇక్కడ రాయను. ఉద్యోగంలో చేరాక ఆఫీసులో, పీజీలో, ‘ఒకప్పుడు మృదంగం నేర్చుకున్నా’, ‘గిటార్ ఉండేది, అమ్మేశా’ అనేవాళ్లు చాలామంది తగిలారు. అందరూ మొదట చెప్పే కారణం టైమే. టీ తాగుతూ ఇంకొంచెం కదిపితే కొందరి దగ్గర వేరే మాట బయటికొస్తుంది. మణికట్టు లాగేసేది, నడుం పట్టేసేది, ఎంత చేసినా సౌండ్ ఎదగలేదు, నాకు టాలెంట్ లేదేమో అనుకున్నా... ఈ చివరి మాట దగ్గరే నాకు కోపం వస్తుంది. కూర్చునే తీరు సరిచేసి ఉంటే మిగిలేవాడు, తనకి ప్రతిభ లేదని తీర్మానం రాసుకుని వెళ్లిపోతున్నాడు.

నా వాదన ఇదీ. వాయిద్యం వేళ్లతో వాయిస్తామని మనం అనుకుంటాం, నేర్పేవాళ్లూ వేళ్లనే చూస్తారు. కానీ వేళ్ల దాకా వచ్చే బలం, వేగం, నిదానం అన్నీ పాదాలు, పిరుదులు, వెన్ను, ఊపిరి దాటుకుని వస్తాయి. దారిలో ఎక్కడ బిగుసుకున్నా ఆ బిగింపు సౌండ్‌లో వినిపిస్తుంది. సంగీతాన్ని కెరీర్‌గానో, సైడ్ ఇన్‌కమ్‌గానో, కనీసం రెజ్యూమెలో నిజాయతీ గల ఒక లైనుగానో ఉంచుకోవాలనుకునేవాళ్లు రాగాల లిస్టు పెంచుకునే ముందు ఒంటి బ్యాలెన్స్ నేర్చుకోవాలి. నేర్పే బాధ్యత మన సంగీత పాఠశాలలు తీసుకోవాలి.

నమ్మకం కుదరకపోతే ఒక చిన్న టెస్ట్ చేయండి. నిలబడి, రెండు చేతులూ వదులుగా వేలాడదీయండి. కుడి చేతిని ఒక్కసారిగా ముందుకు ఎత్తండి. చేయి కదిలిందని మీకు తెలుస్తుంది. మీకు తెలియనిది ఏమిటంటే, భుజం కండరం పనిలోకి దిగడానికి కొన్ని పదుల మిల్లీసెకన్ల ముందే కాళ్ల వెనక, నడుం దగ్గర కండరాలు బిగుసుకుంటాయి. చేయి ముందుకు వెళ్తే ఒళ్లు తూలుతుందని మెదడుకి ముందే తెలుసు, అందుకే ఆ ఏర్పాటు. కంట్రోల్ సిస్టమ్స్ చదివినవాళ్లు దీన్ని ఫీడ్‌ఫార్వర్డ్ అంటారు. అంటే చేతి పని అనేది విడిగా లేనే లేదు. మోకాళ్లు బిగించి, ఊపిరి పట్టి నిలబడి అదే చేయి మళ్లీ ఎత్తి చూడండి. రెండింటికీ తేడా మీకే తెలుస్తుంది.

ఇప్పుడు వయొలిన్ దగ్గరికి వద్దాం. కమాను, అదే బో, బరువు సుమారు 60 గ్రాములు. దాన్ని నడిపే చేయి బరువు మన ఒంటి బరువులో దాదాపు 5 శాతం. 60 కిలోల మనిషికి మూడు కిలోలన్నమాట. మూడు కిలోల యంత్రం 60 గ్రాముల పుల్లని నడుపుతోంది. కండబలం చాలక సౌండ్ రాకపోవడం అనే సమస్య ఇక్కడ లేదు. ఆ మూడు కిలోలు ఎక్కడ వేలాడుతున్నాయన్నదే సమస్య. భుజం వదులుగా ఉంటే చేతి బరువు కమాను మీదుగా తీగ మీదికి దిగుతుంది. భుజాన్ని చెవుల దాకా ఎత్తి పట్టుకుంటే బరువంతా మెడ కండరాలే మోస్తాయి, తీగ దాకా ఏమీ రాదు. అప్పుడు మనం ఏం చేస్తాం? వేళ్లతో నొక్కుతాం. హ్యాండ్‌బ్రేక్ వేసి యాక్సిలరేటర్ తొక్కినట్టు. నా దోమ పాట రహస్యం ఇంతే.

దీని వెనక లెక్క కూడా ఉంది. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన జాన్ షెలెంగ్ అనే ఇంజినీరు కమానుకీ తీగకీ మధ్య ఏం జరుగుతుందో 1973లో ఒక పేపర్‌లో వివరించాడు. కమాను వేగం ఎంత, బ్రిడ్జికి ఎంత దూరంలో వాయిస్తున్నాం, ఎంత నొక్కుతున్నాం అన్న మూడింటి మీద సౌండ్ ఆధారపడుతుంది. నొక్కడానికి ఒక కనీస హద్దు, ఒక గరిష్ఠ హద్దు ఉంటాయి. కింది హద్దు తప్పితే గాలి నాదం, పై హద్దు దాటితే గరగర. బ్రిడ్జి దగ్గరికి పోయేకొద్దీ నాదానికి పదును వస్తుంది, కానీ ఎక్కువ బలం కావాలి, పైగా ఈ రెండు హద్దుల మధ్య సందు ఇరుకైపోతుంది. దీనికి తోడు కమాను కదిలేకొద్దీ లెక్క మారిపోతూ ఉంటుంది. చేతి దగ్గరి భాగం తీగ మీద ఉన్నప్పుడు బరువు దానంతట అదే పడుతుంది. కొస దగ్గరికి వెళ్లేసరికి చూపుడు వేలితో మీటలా నొక్కాలి. ఒక్క స్వరాన్ని సాగదీసి నిలకడగా పలికించాలంటే ఈ సర్దుబాటు క్షణక్షణం జరుగుతుండాలి. ఇంత సున్నితమైన పనిని బిగుసుకున్న భుజం చేయగలదా? బిగుసుకున్న కండరం బరువు మోయగలదు గానీ బరువులో తేడా పసిగట్టలేదు.

రోబోటిక్స్ ఎలెక్టివ్ తీసుకున్నవాళ్లకి డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అనే మాట తెలుసు. మన చేతికి భుజం దగ్గర మూడు, మోచేయి, ముంజేయి కలిపి రెండు, మణికట్టు దగ్గర రెండు, మొత్తం ఏడున్నాయి. నికొలాయ్ బెర్న్‌స్టీన్ అనే రష్యన్ శాస్త్రవేత్త 1920లలో మాస్కోలో ఉలి మీద సుత్తితో కొట్టే కార్మికుల కీళ్లకి చిన్న బల్బులు కట్టి వాళ్ల కదలికల్ని ఫొటో తీశాడు. ఆరితేరిన పనివాడి చేయి ప్రతిసారీ ఒకేలా కదులుతుందని ఎవరైనా అనుకుంటారు. అలా కనబడలేదు. భుజం, మోచేయి దారులు దెబ్బదెబ్బకీ కాస్త కాస్త మారుతున్నాయి, సుత్తి మొన మాత్రం దాదాపు అదే దారిలో వెళ్తోంది. ఒక కీలులో వచ్చిన తేడాని ఇంకో కీలు సర్దుకుంటోంది. కొత్తగా నేర్చుకునేవాడు కంగారులో కొన్ని కీళ్లని బిగించేసి లెక్క తేలిక చేసుకుంటాడు. మొదట్లో అది సహజం. బిగించినదాన్ని తర్వాత విప్పకపోవడమే ప్రమాదం. నేను పదేళ్లు విప్పలేదు. బెర్న్‌స్టీన్ తర్వాత పియానో వాయించేవాళ్ల కదలికల్నీ ఇలాగే పరిశీలించాడు. సుత్తి నుంచి పియానోకి వెళ్లడం ఆయనకి వింతగా అనిపించినట్టు లేదు.

ఇదంతా తెలిశాక నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది యెహుది మెనుహిన్ సంగతి. ఏడేళ్లకే ఆర్కెస్ట్రాతో కచేరీ చేసిన బాల మేధావి. పెద్దయ్యాక ఒళ్లు సహకరించడం మానేసింది, చిన్నప్పుడు ఆలోచించకుండా వచ్చినవే కష్టమయ్యాయి. 1952లో బొంబాయిలో బి.కె.ఎస్. అయ్యంగార్‌ని కలిశాడు. అయ్యంగార్‌కి వయొలిన్ రాదు, యోగా వచ్చు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆయన దగ్గర ఆసనాలు నేర్చుకున్న మెనుహిన్ 1954లో ఆయనకొక చేతిగడియారం ఇచ్చాడు. దాని వెనక, మీరే నా అత్యుత్తమ వయొలిన్ గురువు అనే అర్థం వచ్చేలా చెక్కించాడు. వయొలిన్ పట్టుకోని మనిషికి ప్రపంచ ప్రసిద్ధ వయొలినిస్టు ఇచ్చిన సర్టిఫికెట్ అది.

ఇలాంటి దారులు పడమటి దేశాల్లో ఇంకా ఉన్నాయి. ఆస్ట్రేలియాలో ఎఫ్.ఎం. అలెగ్జాండర్ అనే నటుడికి స్టేజీ మీద గొంతు పోయేది. డాక్టర్లు విశ్రాంతి తీసుకోమన్నారు, మళ్లీ స్టేజీ ఎక్కితే మళ్లీ అదే. అద్దాల ముందు నిలబడి నెలల తరబడి తనని తాను గమనించుకుంటే, నోరు తెరిచే ముందు తలని వెనక్కి లాగి మెడని నొక్కేస్తున్నాడని తెలిసింది. ఆయన తయారుచేసిన అలెగ్జాండర్ టెక్నిక్‌ని ఇవాళ లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో నేర్పుతారు. డీబగ్గింగ్ అంటే నాకు ఆయనే గుర్తొస్తాడు. ఎర్రర్ గొంతులో కనబడింది, బగ్ మెడలో ఉంది. నడుం నొప్పి విషయంలో ఈ టెక్నిక్ పనిచేస్తుందా అని 2008లో బ్రిటన్‌లో 579 మందితో చేసిన ట్రయల్‌లో మంచి ఫలితాలొచ్చాయి. సంగీతం నాణ్యతే పెరుగుతుందా అన్నదానికి మాత్రం ఇంకా అంత గట్టి ఆధారాలు లేవు. ఇది కూడా చెప్పాలి, లేకపోతే నేనూ యూట్యూబ్ థంబ్‌నెయిల్ మనిషినే అవుతాను.

సరే, ఇదంతా ఫారిన్ సరుకేనా? కాదు. స్విట్జర్లాండ్‌లో ఎమిల్ జాక్-డాల్‌క్రోజ్ అనే హార్మనీ ప్రొఫెసర్ జెనీవా కన్జర్వేటరీలో పాఠం చెబుతూ ఒకటి గమనించాడు. విద్యార్థులు కాగితం మీద లెక్కలన్నీ చేసేస్తున్నారు, లయ మాత్రం ఒంట్లోకి దిగట్లేదు. వాళ్లని లేపి, నడిపించి, చేతులు ఊపించి లయ నేర్పాడు. దాన్ని యూరిథ్మిక్స్ అంటారు. ఆయన పుట్టింది 1865లో. దానికి ముందటి ఏడాది, 1864లో, మా బొబ్బిలి దగ్గర అజ్జాడలో ఒకాయన పుట్టారు. ఆదిభట్ల నారాయణదాసు గారు. కాళ్లకి గజ్జెలు, చేతిలో చిరతలు, నిలబడి పాడుతూ, ఆడుతూ, కథ చెబుతూ గంటలకొద్దీ సభని కూర్చోబెట్టిన హరికథా పితామహుడు. రెండు చేతులు, రెండు కాళ్లు, తల, ఈ ఐదింటితో ఐదు తాళాలు ఏకకాలంలో వేసి చూపించేవారని ఆయనకి పంచముఖి పరమేశ్వరుడని పేరు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాల్ ఆయనే. వయొలిన్ నేర్పడానికి వచ్చినవారు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు, 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు. ఆలోచించండి. ఒళ్లంతా లయ అయిన మనిషి, కమాను పనితనానికి పేరుపడ్డ మనిషి, ఒకే కాలేజీలో, ఒకే కారిడార్‌లో.

ఆ ఊరి వాడినై ఉండి నేను భుజం బిగించుకుని కూర్చున్నాను. సిగ్గుచేటే.

చిన్నప్పుడు నాకు నేర్పిన మాస్టారు తిట్టేవారు గానీ, ఆ తిట్లు అప్పుడు అర్థం కాలేదు. ఉద్యోగంలో చేరాక దసరా సెలవులకి ఇంటికెళ్తే, వీధిలో పట్టుకుని ‘ఏరా, వాయిస్తన్నావా?’ అన్నారు. మాస్టారి ముందు హెచ్ఆర్‌కి చెప్పిన కథ చెల్లదు. భుజం నొప్పి సంగతి చెప్పాను. ముందు డాక్టరుకి చూపించుకోమన్నారు. అది అయ్యి, ఫిజియోథెరపీ కూడా అయ్యాక సంక్రాంతికి మళ్లీ వెళ్లాను. వర్ణం అందుకున్నాను. ఆయన నా వేళ్ల వైపు చూడనే లేదు. వెనక్కొచ్చి వీపు మీద అరచెయ్యి పెట్టి కాసేపు ఊరుకున్నారు. ‘ఊపిరెక్కడ పెట్టొచ్చావురా?’ అన్నారు. నిజమే, కమాను మొదటి నుంచి చివరిదాకా ఊపిరి బిగబట్టే లాగుతున్నాను. ఎప్పటినుంచి అలా చేస్తున్నానో నాకే తెలీదు.

వయొలిన్ పక్కన పెట్టించి వరండాలో నడవమన్నారు. చేత్తో ఆది తాళం, కాళ్లతో ఒక్కో అక్షరానికి ఒక్కో అడుగు, నోటితో సరళీ స్వరాలు. ఆరేళ్ల పిల్లలు చేసే పని. బీటెక్ ఫస్ట్ క్లాస్ వాడిని, మూడో ఆవర్తానికి చెయ్యి ఒక దారి, కాలు ఒక దారి. మన తాళ పద్ధతిలోనే ఒంటి లెక్క ఉంది. దెబ్బ, వేళ్లు, విసురు... ఎనిమిది అక్షరాల్నీ చేతిలో పెట్టి ఇచ్చారు పెద్దవాళ్లు. మనం దాన్ని తొడ మీద మెషీన్‌లా కొట్టుకుంటూ మిగతా ఒళ్లంతా స్తంభంలా పెట్టుకుంటాం.

తర్వాత కూర్చోబెట్టారు. కర్ణాటక పద్ధతిలో వయొలిన్ తల భాగం కుడి పాదం మీద, చీలమండ దగ్గర ఆనుతుంది. రెండో చివర ఛాతీకి ఎడమ వైపు ఆనుతుంది. రెండు ఆనికల మధ్య వాయిద్యం దానంతటదే నిలబడుతుంది కాబట్టి ఎడమ చేతికి మోసే పని ఉండదు. అందుకే అది తీగ మీద పైకీ కిందికీ జారుతూ గమకాలు పలికించగలదు. నిజానికి ఇది ఎంతో తెలివైన డిజైన్. కానీ ఆ పాదం కదిలిపోతుంటే, నడుం కూలబడి ఉంటే ఆ డిజైన్ పనిచేయదు. ఎడమ చెయ్యి మళ్లీ మోత మొదలెడుతుంది. పిరుదుల కింద గట్టి ఎముకలు రెండుంటాయి, వాటి మీద కూర్చుంటే వెన్ను దానంతటదే లేస్తుంది. ‘కూర్చోడం రానోడికి వాయించడం ఎలా వస్తాదిరా’ అని మాస్టారు చిన్నప్పుడు అన్న మాట ఇరవై ఆరేళ్లకి అర్థమైంది నాకు.

ఫలితం? నెల రోజుల్లో అద్భుతాలేమీ జరగలేదు. ఖాళీ తీగ మీద పది సెకన్ల పాటు ఒకే నాదం లాగడం, దాన్ని ఫోన్‌లో రికార్డు చేసుకోవడం, ఇదే నా ప్రాక్టీసు. మొదటి వారం రికార్డింగుల్లో నాదం మధ్యలో వణుకు, కమాను తిప్పే చోట ఒక కుదుపు. రెండో నెలకి వణుకు తగ్గింది. మూడో నెల ఒకరోజు పక్క గదిలో అమ్మ, ‘ఇవాళ ఎవర్రా వాయిస్తున్నది?’ అంది. ఇది ఒక్కడి అనుభవం, ప్రయోగం కాదు. కానీ నాలుగు గంటలు కాదు, రోజుకి నలభై నిమిషాలే వాయించాను.

ఇక్కడ ఒక పేచీ ఉంది. ‘అంటే స్టేజీ మీద ఊగిపోవాలా? మన పెద్దవాళ్లు కదలకుండా కూర్చోమన్నారు కదా’ అంటారు కొందరు. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు రాసిన సంగీత రత్నాకరంలో గాయకుడి దోషాలు 25 అని జాబితా ఉంది. పళ్లు బిగించి పాడేవాడు, భయపడుతూ పాడేవాడు, మెడ వంకర పెట్టి పాడేవాడు, మొహాన నరాలు ఉబ్బేలా పాడేవాడు, బుగ్గలు పొంగించి పాడేవాడు, ఒళ్లు చాచేసి పాడేవాడు... చదువుతుంటే నాకు బగ్ రిపోర్టులా అనిపించింది. ఆయన తప్పుపట్టింది కదలికని కాదు, బిగింపుని, అతిని. మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ కచేరీ వీడియోలు చూడండి. ఒళ్లు దాదాపు కదలదు, ముఖాన చిరునవ్వు, వేళ్లేమో మెరుపులు. కదలకపోవడం వేరు, బిగుసుకోవడం వేరు. నిలబడిన సైకిల్ కదలట్లేదు కదా అని స్టాండు వేసినట్టూ, బ్యాలెన్స్ చేస్తున్నట్టూ ఒకటేనా? మరోవైపు స్కాట్లండ్‌కి చెందిన ఎవెలిన్ గ్లెనీ ఉన్నారు. చిన్నతనంలోనే వినికిడి చాలావరకు పోయినా పెర్కషనిస్టుగా ప్రపంచమంతా తిరిగారు. చెప్పుల్లేకుండా వట్టి పాదాలతో వాయిస్తారు, నేల మీదుగా వచ్చే కంపనాలు అందాలని.

ఊగడం పనిచేస్తుందన్న మాట కూడా అబద్ధం కాదు, అదే చిక్కు. చియా-జంగ్ త్సాయ్ అనే పరిశోధకురాలు 2013లో ప్రచురించిన అధ్యయనంలో, పోటీల్లో పియానో వాయించినవాళ్ల వీడియోలని సౌండ్ తీసేసి చూపించినప్పుడు జనం విజేతల్ని బాగా గుర్తుపట్టారు. సౌండ్ ఒక్కటే వినిపిస్తే అంతగా గుర్తుపట్టలేకపోయారు. సంగీతం వృత్తిగా ఉన్నవాళ్లూ అంతే. అమెరికా ఆర్కెస్ట్రాలు 1970ల నుంచి పరదా వెనక ఆడిషన్లు పెట్టడం మొదలెట్టింది ఊరికే కాదు. రీల్స్ కాలంలో ఇది పెద్ద ప్రలోభం. కళ్లు మూసుకుని, తల ఎగరేసి, జుట్టు ఊపితే లైకులు వస్తాయి. నాదంలోంచి పుట్టిన కదలిక ఒకటి, నాదం మీద అతికించిన కదలిక ఇంకొకటి. రెండోదాన్ని కెమెరా మెచ్చుకుంటుంది, మెడ మెచ్చుకోదు.

ఇక ఉద్యోగాల మాట. సంగీతంతో బతికేవాళ్లు మీరు అనుకునేదానికన్నా ఎక్కువ రకాలుగా ఉన్నారు. స్కూల్లో మ్యూజిక్ టీచర్లు, స్టూడియో సెషన్ ప్లేయర్లు, పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలు, చర్చి కీబోర్డు ఆర్టిస్టులు, గుళ్లలో నాదస్వర విద్వాంసులు, ఆకాశవాణి గ్రేడ్ ఆర్టిస్టులు, విదేశాల్లో పిల్లలకి ఆన్‌లైన్ ట్యూషన్లు చెప్పేవాళ్లు. వీళ్లందరి పెట్టుబడి వాళ్ల ఒళ్లే. ల్యాప్‌టాప్ పాడైతే సర్వీస్ సెంటర్ ఉంది. మనలాంటి వాళ్లకి ఇంకో తలనొప్పి కూడా, పగలంతా కీబోర్డు మీద వంచిన అవే భుజాలతో రాత్రి వయొలినో గిటారో పట్టుకుంటాం. ఒంటికి రెండూ ఒకే షిఫ్టు. అయినా నేను చూసిన సిలబస్‌లలో రాగ లక్షణాలు, తాళ దశప్రాణాలు, వాగ్గేయకారుల చరిత్రలు ఉన్నాయి గానీ ఎలా కూర్చోవాలి, ఊపిరి ఎక్కడ తీసుకోవాలి, నొప్పి వస్తే ఏం చేయాలి అన్నదానికి ఒక్క పీరియడ్ లేదు. ‘అది గురువు చూసుకుంటారు’ అనేది జవాబు. చూసుకునే గురువులున్నారు, నా మాస్టారే సాక్షి. కానీ ముప్ఫై మంది ఉన్న బ్యాచ్‌లో నలభై నిమిషాల్లో ఏ గురువు ఎంతమంది వీపు చూస్తారు? వారానికి ఒక్క గంట చాలు. ఒక యోగా టీచరో, ఫిజియోథెరపిస్టో, నాట్యం నేర్పే మేడమో వచ్చి పిల్లల్ని లేపి తాళం నడిపిస్తే దానికి పెద్ద బడ్జెట్ కూడా అక్కర్లేదు. మన కూచిపూడి వాళ్లు ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి లయ తప్పకుండా ఆడతారు. సంగీతం క్లాసు, నాట్యం క్లాసు ఒకే కాంపౌండ్‌లో ఉన్నచోట కూడా మధ్యలో గోడ ఎందుకో నాకు అర్థం కాదు.

టెక్ మనిషిగా నాకు ఇంకో ఫిర్యాదు ఉంది, మనవాళ్ల మీదే. సంగీతం నేర్పే యాప్‌లు శ్రుతి కొలుస్తాయి, లయ కొలుస్తాయి, స్కోరు ఇస్తాయి. భుజం ఎక్కడుందో అడిగేది నాకు ఇంతవరకు తగల్లేదు. పిల్లాడు స్కోరు కోసం ఊపిరి బిగబట్టి నొక్కుతాడు, యాప్ మూడు స్టార్లు ఇస్తుంది. ఆన్‌లైన్ క్లాసుల్లో ఫోన్ ఎప్పుడూ వేళ్ల మీదే ఉంటుంది. కీబోర్డు ట్యుటోరియల్స్ అయితే నేరుగా పైనుంచి తీస్తారు, రెండు చేతులు తప్ప మనిషే ఉండడు. మీలో ఎవరికైనా ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి టాపిక్ దొరక్కపోతే, ఫోన్ కెమెరాతో ఒంటి భంగిమని గుర్తించే లైబ్రరీలు ఉచితంగా దొరుకుతున్నాయి, ప్రయత్నించండి. వాడేవాళ్లు ఉన్నారు, ఒకరి పేరు నేనే చెప్తాను.

మా మాస్టారికి ఇప్పుడు డాలస్‌లో ఒక స్టూడెంట్ ఉంది, తొమ్మిదేళ్ల పాప. మొన్న ఊరెళ్లినప్పుడు క్లాసు మొదలవబోతూ నన్ను పిలిచారు. ‘ఒరే, నువ్వు కంప్యూటరోడివి కదా, ఇది చూడు. పిల్ల వేళ్లు ఇంతింత కనబడతన్నాయి, కాళ్లు కనబడట్లేదు.’ అటువైపు వాళ్లమ్మతో మాట్లాడి, ట్రైపాడ్‌ని ఆరడుగులు వెనక్కి జరిపించి, ఫోన్ అడ్డంగా తిప్పించాను. పాప మెత్తటి కుషన్ మీద ఒక పక్కకి ఒరిగి కూర్చుని ఉంది.

‘ఇప్పుడు కనబడుతోందా మాస్టారూ?’ అని అడిగింది వాళ్లమ్మ.

‘ఆఁ, ఇప్పుడు పిల్ల కనబడతంది. ముందు ఆ కుషన్ తీసీమ్మా’ అన్నారు మాస్టారు.